సంతకం వెనక సంభాషణ

శాంతివాదులుగా లోకమెరిగిన వ్యక్తుల సంతకాలతో వేలానికి వచ్చిన ఉత్తరాలలో అత్యధిక ధర పలికినవాటిలో ఒకటి అణుబాంబుకు బీజం వేసిన ఉత్తరం కావడం ఈ సేకరణ రంగంలోని పెద్ద విడ్డూరం. 1939 ఆగస్టు 2వ తేదీ వేసి, అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ పేర ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ సంతకం చేసిన ఆ ఉత్తరం, యురేనియంతో మునుపెన్నడూ లేనంత శక్తిగల బాంబులు తయారు కావచ్చునని హెచ్చరిస్తుంది. దాని రూపకల్పనలో ప్రధాన పాత్ర హంగేరీ నుంచి వలస వచ్చిన భౌతికశాస్త్రవేత్త లియో సిలార్డ్‌ది. ఐన్‌స్టీన్ వేసవి విడిదికి వెళ్లి మాట్లాడి వచ్చిన మీదట సిలార్డ్ పొడవుదొకటి, పొట్టిదొకటి సిద్ధం చేయగా, ఐన్‌స్టీన్ రెండింటిమీదా సంతకం పెట్టి, ఏది పంపాలో తేల్చుకునే పనిని సిలార్డ్‌కే వదిలేశారు. పొడవైన ప్రతి ఆ అక్టోబరులో అలెగ్జాండర్ సాక్స్ అనే ఆర్థికవేత్త చేతుల మీదుగా అధ్యక్షుడికి చేరింది, ఇప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలో హైడ్ పార్క్‌లోని రూజ్వెల్ట్ గ్రంథాలయంలో ఉంది. పంపకుండా మిగిలిన పొట్టి ప్రతి 2002లో క్రిస్టీస్ వేలంలో సుమారు 21 లక్షల డాలర్లకు మైక్రోసాఫ్ట్ సహవ్యవస్థాపకుడు పాల్ ఆలెన్ వశమై, ఆయన మరణానంతరం 2024 సెప్టెంబరులో అదే సంస్థ వేలంలో 39 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

ఐన్‌స్టీన్ బతుకు చివరి వారంలో చేసిన మరో సంతకం ఉంది. అణుయుద్ధం మానవజాతికే ముప్పని ప్రకటించే పత్రం మీద తన పేరు చేర్చడానికి అంగీకరిస్తూ 1955 ఏప్రిల్ 11న ఆయన బ్రిటిష్ తత్త్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్‌కు చిన్న ఉత్తరం రాశారు. ఏప్రిల్ 18న మరణించారు. రోమ్ నుంచి పారిస్ వెళ్తున్న విమానంలో ఆ మరణవార్త విని, ప్రకటన సంగతి ఇక ముగిసినట్లేనని నిరాశపడ్డ రస్సెల్‌కు, పారిస్ హోటల్లో ఆ ఉత్తరం ఎదురుచూస్తూ కనిపించింది. పదకొండు మంది సంతకాలతో జూలై 9న లండన్‌లో వెలువడిన రస్సెల్-ఐన్‌స్టీన్ ప్రకటన అదే. పదహారేళ్ల ఎడంతో ఒకే చేయి పెట్టిన ఈ రెండు సంతకాలూ చూపుకు ఒకటే గనుక, ఏది ఎప్పుడు, ఎవరి అభ్యర్థన మీద, దేనికి జవాబుగా పెట్టినదో తెలియకుండా సంతకాన్ని మాత్రమే పోగుచేసేవారికి వీటి మధ్య తేడా ధరలో తప్ప కనిపించదు.

ఆటోగ్రాఫ్ వేరు, ఉత్తరం వేరు

సంతకాల సేకరణ అనగానే తెలుగువారికి గుర్తుకొచ్చేది రంగురంగుల కాగితాల ఆటోగ్రాఫ్ పుస్తకం. అందులో ప్రముఖుడు పేరు రాసి ఇస్తాడే తప్ప ఎవరితోనూ ఏమీ చెప్పడు. ఉత్తరాలు సేకరించేవారు దీనికి భిన్నంగా మూడు తరగతులు పాటిస్తారు: మొదటి అక్షరం నుంచి సంతకం దాకా రచయిత తన చేత్తోనే రాసినది స్వహస్త లేఖ, టైపు చేయించి కింద సంతకం మాత్రం పెట్టినది టైపు లేఖ, కార్యదర్శి రాయగా సంతకం మాత్రం ప్రముఖుడు పెట్టినది మూడోది. అంగడిలో స్వహస్త లేఖకే గిరాకీ ఎక్కువ. అయితే శాంతి ఉద్యమాల విషయంలో ఈ వరస అంతగా పొసగదు, ఎందుకంటే ఉద్యమం నడిపేవారు రోజుకు పదులకొద్దీ జవాబులు ఇవ్వవలసిన మనుషులు. వారి బరువైన నిర్ణయాలు తరచు టైపు కాగితాల మీదే ఉంటాయి, ముత్యాల్లాంటి చేతిరాతలో దొరికేది ఒక్కోసారి విందు ఆహ్వానానికి మర్యాదపూర్వకమైన తిరస్కారం మాత్రమే.

గాంధీ చేతిరాత విషయంలో ముత్యాల ఉపమానం ఎలాగూ పనికిరాదు. తన దస్తూరి బాగుండదని, చిన్ననాడు దాన్ని దిద్దుకోకపోవడం పొరపాటని ఆయన ఆత్మకథలోనే విచారపడ్డారు. కుడిచేయి నొప్పి పుడితే ఎడమచేత్తో రాసేవారు; ఆ ఎడమచేతి రాతే కుడిచేతి రాతకన్నా తేటగా ఉండేది. వచ్చిన ఉత్తరాల వెనక ఖాళీ పుటలను, కవర్ల లోపలి వైపును చిత్తుకాగితాలుగా వాడుకునేవారు. సంతకం అడిగినవారి నుంచి హరిజన నిధికి అయిదు రూపాయలు వసూలు చేసేవారు. శాంతివాదుల సంతకాన్ని డబ్బుతో ముడిపెట్టడం అపచారమని బాధపడేవారు ఈ చివరి సంగతిని గుర్తుంచుకోవడం మంచిది. తన సంతకానికి ధర ఉందని గాంధీకి బాగా తెలుసు, ఆ డబ్బు ఎక్కడికి చేరాలో కూడా ఆయనే నిర్ణయించారు.

ప్రశ్న లేని జవాబు

ఒక ఉత్తరం ఎంత అసంపూర్ణమైన వస్తువో చూపడానికి కృష్ణా జిల్లా ఉదాహరణ చాలు. నాస్తికవాది గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1930లోనే దేవుడనే మాటకు అర్థమేమిటో చెప్పమని గాంధీకి రాసి, దేవుడు మానవ గ్రహణశక్తికి అందనివాడన్న తాత్పర్యంతో క్లుప్తమైన జవాబు అందుకున్నారు. ముదునూరులో నాస్తిక కేంద్రం నెలకొల్పి, అస్పృశ్యతా నివారణ పనిలో దిగిన తర్వాత 1941లో మళ్లీ రాశారు. కుల భేదాలను తుడిచివేయడానికి నాస్తిక దృక్పథం తనకు ఎలా ఉపకరిస్తున్నదో వివరించి, కలిసి మాట్లాడే అవకాశం కోరారు. ఆ సెప్టెంబరులో సేవాగ్రామ్ నుంచి వచ్చిన జవాబు ఇంచుమించు మొండిచెయ్యే: నాస్తికత తననుతాను నిరాకరించుకోవడమేనని, గోరా సాధించిన ఫలితం ఆయన చిత్తశుద్ధిగల సేవ వల్ల వచ్చిందే తప్ప నాస్తికత వల్ల కాదని, వట్టి చర్చలకు తనకు తీరిక లేదని దాని సారాంశం.

ఈ ఒక్క జవాబే ఏ సేకర్త చేతికో చిక్కి, సంతకం బాగుందని చట్రంలో బిగించి గోడకు తగిలిస్తే, చూసినవారు గాంధీ ఒక నాస్తికుణ్ని కసిరి పంపేశారని అనుకుంటారు. నిజంగా జరిగింది అందుకు విరుద్ధం. 1944 చివర ఇద్దరూ సేవాగ్రామ్‌లో కలుసుకున్నారు, మాటలు సాగాయి, గోరా సహచరులతో వచ్చి ఆశ్రమంలో ఉన్నారు. గోరా పెద్దకుమార్తెకు హరిజన యువకుడితో పెళ్లి నిశ్చయమైనప్పుడు దాన్ని ఆశ్రమంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకోవడమే కాక, వధూవరుల ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు చేర్చడానికీ సమ్మతించారు. ఆ పెళ్లి గాంధీ హత్య తర్వాత 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది. ఉత్తరాలు రెండు వైపులవీ, మధ్యలోని సంభాషణలతో సహా, గోరా 1951లో నవజీవన్ ప్రచురణగా తెచ్చిన పుస్తకంలో పెట్టడం వల్లనే ఈ కథ మొత్తంగా నిలిచింది. గోరా తన ప్రశ్నలను దాచుకోకపోయి ఉంటే గాంధీ జవాబులు మాత్రం మిగిలి, చదివినవారికి తోచినట్టల్లా అర్థమయ్యేవి.

తేదీ కూడా జవాబంత ముఖ్యం. 1922 జనవరిలో పెదనందిపాడు ఫిర్కాలో పన్నుల నిరాకరణ ఉద్యమం సాగుతున్నప్పుడు గాంధీ దేశభక్త కొండా వెంకటప్పయ్యకు రాసిన ఉత్తరం ఆంధ్ర నాయకులను ఉత్సాహపరుస్తూనే, అహింస, అస్పృశ్యతా నివారణ వంటి షరతులు నెరవేరాయని నమ్మకం కుదిరితేనే ముందుకు వెళ్లమని జాగ్రత్త చెబుతుంది. ఫిబ్రవరి మొదటి వారంలో చౌరీచౌరా హింసాకాండ జరిగి, ఉద్యమం మొత్తం ఆగిపోయింది. నెల తిరగకముందు రాసిన మాటలకూ, తర్వాత చదివితే వచ్చే అర్థానికీ మధ్య అంత దూరం ఉంది. సేకర్తలు పోస్టు ముద్ర ఉన్న కవరును పారవేయకుండా ఉత్తరంతోపాటు ఉంచమని పట్టుబట్టేది ఇందుకే.

కొన్ని సంభాషణల్లో సగం ఎప్పటికీ దొరకదు. దక్షిణాఫ్రికాలో గాంధీకి ఆప్తుడై, 1910లో టాల్‌స్టాయ్ ఫారం కోసం 1,100 ఎకరాలు ఇచ్చిన వాస్తుశిల్పి హెర్మన్ కాలెన్‌బాక్ తనకు వచ్చిన ఉత్తరాలను జీవితాంతం భద్రపరిచారు. ఆయన రాసినవాటిని మాత్రం గాంధీ చదివి నాశనం చేశారు. గాంధీ తనను ‘అప్పర్ హౌస్’ అని, మిత్రుణ్ని ‘లోయర్ హౌస్’ అని పిలుచుకున్న ఆ ఉత్తరాల మీద 2011లో ఒక జీవితచరిత్ర వెలువడినప్పుడు రేగిన దుమారానికి సగం కారణం, ఒకవైపు గొంతు మాత్రమే వినిపించడం. మరుసటేడు ఆ సంగ్రహం లండన్‌లో సోథెబీస్ వేలానికి రాగా, భారత ప్రభుత్వం వేలం జరగకముందే సుమారు 7 లక్షల పౌండ్లు చెల్లించి మొత్తంగా కొని, ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో చేర్చింది. విడివిడిగా అమ్ముడై ఉంటే ఆ ఒక్క గొంతు కూడా ముక్కలయ్యేది.

కాగితం చెప్పే సాక్ష్యం

అసలుదా, నకిలీదా అని తేల్చడంలో మొదట పరీక్షించవలసింది సంతకాన్ని కాదు. భూతద్దం కింద పెట్టి, దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పట్టి చూస్తే, కలం పాళీ నొక్కిన చోట కాగితంలో సన్నని గాడి, గీతలు దాటుకున్నచోట సిరా చిక్కబడడం కనిపిస్తాయి. అచ్చు వేసిన ప్రతిరూపమైతే గీత పొడవునా ఒకే నునుపు, లేదా చుక్కలచుక్కల నిర్మాణం బయటపడుతుంది. ప్రముఖుల ఉత్తరాలను అభిమానుల కోసం యథాతథంగా ముద్రించి పంచిన కాలం ఒకటుండేది గనుక, మోసగించే ఉద్దేశం లేని ఈ ప్రతిరూపాలే తర్వాతి తరంలో అసలువిగా చేతులు మారతాయి. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసే కాగితంలో తెలుపును పెంచే రసాయనాలు ఉన్నట్టు. అవి 1950ల తర్వాతే విరివిగా వాడుకలోకి వచ్చాయి కాబట్టి, అటువంటి కాగితం మీద దండి యాత్ర నాటి సంతకం ఉండడం అసంభవం. 1945 చివరగాని అమెరికాలో సైతం అంగట్లోకి రాని బాల్‌పెన్నుతో రాసిన 1930ల ఉత్తరం సంగతి చెప్పనక్కరలేదు.

కార్యదర్శుల సంతకాల చిక్కు ఇంకా సున్నితమైనది. మార్టిన్ లూథర్ కింగ్ కార్యదర్శి డోరా మెక్‌డొనాల్డ్ ఆయన పేరిట సంతకం చేసేవారు. ఆ ఉత్తరాలు కింగ్ కార్యాలయం నుంచి, ఆయన అనుమతితో, ఆయన మాటలతో వెళ్లినవే. సేకర్త దృష్టిలో అటువంటిదాని విలువ హఠాత్తుగా పడిపోతుంది, చరిత్రకారుడి దృష్టిలో పిసరంతైనా తగ్గదు. ఆటోపెన్, అంటే నమూనా సంతకాన్ని అనుసరించి అసలు కలంతోనే గీసే యంత్రం, పెట్టిన సంతకాన్ని పట్టుకునే ఉపాయం ఒకటుంది: రెండు ఉత్తరాల మీది సంతకాలు ఒకదానిపై ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటే అనుమానించాలి. మనిషి చేయి తన పేరును రెండుసార్లు అచ్చంగా ఒకేలా రాయలేదు.

సంతకానికి చెల్లించిన మూల్యం

వేలం జాబితాలు చెప్పని సంగతి ఇంకొకటుంది. ఈ సంతకాలలో చాలావాటికి పెట్టిన రోజున ధర రాలేదు, ప్రమాదం వచ్చింది. అణుపరీక్షలు ఆపాలంటూ రసాయనశాస్త్రవేత్త లైనస్ పౌలింగ్, ఆయన భార్య ఆవా హెలెన్ ప్రపంచవ్యాప్తంగా శాస్త్రవేత్తల సంతకాలు సేకరించి, 9 వేలకు పైబడిన సంతకాలతో విజ్ఞాపనను 1958 జనవరిలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్షెల్డ్‌కు అందించారు. తర్వాత ఆ సంఖ్య 11 వేలు దాటింది. 1960లో అమెరికా సెనేట్ అంతర్గత భద్రతా ఉపసంఘం పౌలింగ్‌ను పిలిపించి, ఆ సంతకాలు పోగుచేయడంలో సాయపడినవారి పేర్లు చెప్పమని ఒత్తిడి చేసింది. సంతకం చేసినవారి జాబితా అంతకుముందే బహిరంగం. పౌలింగ్ దాచినది ఎవరెవరు ఎన్నెన్ని కాగితాలు తిప్పి, తపాలాలో వేసి పంపారన్న వివరం. ఆ పేర్లు ఇస్తే వారి ఉద్యోగాలకు చేటు వస్తుందని చెప్పి, సభాధిక్కార నేరం మోపే అవకాశం ఉన్నా ఆయన నిరాకరించారు. ఆయనకు 1962 నోబెల్ శాంతి బహుమతి ప్రకటించినది, 1963 అక్టోబరు 10న, పాక్షిక అణుపరీక్షల నిషేధ ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజే. ఆ విజ్ఞాపన నుంచి ఒక నోబెల్ విజేత సంతకాన్ని కత్తిరించి అమ్మితే ఎంతో కొంత వస్తుంది. జాబితాలో పక్కపక్కన నిలవడం వల్ల ఆ పేర్లకు వచ్చిన బలం మాత్రం కత్తెరకు బలైపోతుంది.

రాబెన్ ద్వీపం జైలులో తొలి ఏళ్లలో నెల్సన్ మండేలాకు ఆరు నెలలకు ఒక ఉత్తరం, అదీ 500 మాటలకు మించకుండా రాసుకునే అనుమతి ఉండేది. తాను పంపినవి గమ్యం చేరతాయన్న నమ్మకం లేక ఆయన గట్టి అట్టల నోటుపుస్తకాల్లో వాటి నకళ్లు రాసిపెట్టుకున్నారు. అధికారులు లాక్కున్న అటువంటి పుస్తకాలు రెండింటిని, ఒకప్పటి భద్రతా పోలీసు అధికారి డొనాల్డ్ కార్డ్ 2004లో మండేలాకు తిరిగి అప్పగించారు. నకలును అసలుకన్నా తక్కువగా చూసే సేకరణశాస్త్రానికి ఈ రెండు పుస్తకాలు మింగుడుపడవు, ఎందుకంటే అసలు ఉత్తరాలలో కొన్ని ఎవరికీ చేరనే లేదు.

ఎవరి సొత్తు?

ఉత్తరం అందుకున్నవాడికి చెందుతుందా, రాసినవాడికి చెందుతుందా అన్న తగాదా 1741లోనే లండన్ న్యాయస్థానంలో తేలింది. కవి అలెగ్జాండర్ పోప్ తన ఉత్తరాలను అనుమతి లేకుండా అచ్చువేసిన పుస్తక వ్యాపారి ఎడ్మండ్ కర్ల్ మీద వేసిన దావాలో, కాగితం మీద హక్కు అందుకున్నవాడిది, మాటల మీద హక్కు రాసినవాడిదే అన్న సూత్రం స్థిరపడింది. నేటికీ చట్టం ఇదే దారిలో ఉంది. గాంధీ బతికుండగా అచ్చయిన రచనల మీద కాపీహక్కు ఆయన మరణానంతరం అరవై ఏళ్లు గడిచి 2009 జనవరి 1తో తీరిపోయింది. ఆయన మరణం తర్వాతే తొలిసారి అచ్చయిన ఉత్తరాల విషయంలో ఆ అరవై ఏళ్ల లెక్క ప్రచురణ జరిగిన సంవత్సరం నుంచి సాగుతుంది. కాబట్టి తాతగారి పెట్టెలో దొరికిన కార్డును అమ్ముకునే హక్కు ఉన్నంత మాత్రాన పుస్తకంగా వేసుకునే హక్కు ఉన్నట్టు కాదు.

కాగితం హక్కు సైతం ఒక్కోసారి మరో ఉత్తరం మీదే ఆధారపడుతుంది. కింగ్ 1964లో తన పత్రాలను బోస్టన్ విశ్వవిద్యాలయంలో ఉంచుతూ, తన మరణానంతరం అవి ఆ విశ్వవిద్యాలయానికే చెందుతాయని ఒక చిన్న ఉత్తరం మీద సంతకం చేశారు. దక్షిణాదిన దాడుల భయం ఉన్న రోజుల్లో భద్రత కోసమే అలా ఉంచారని వాదిస్తూ ఆయన భార్య కొరెట్టా స్కాట్ కింగ్ దాదాపు 83,000 పత్రాలను తిరిగి ఇప్పించమని దావా వేశారు. 1993లో జ్యూరీ, 1995లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఆ ఉత్తరాన్నే సాక్ష్యంగా తీసుకుని విశ్వవిద్యాలయం పక్షాన తీర్పు చెప్పాయి. కుటుంబం దగ్గర మిగిలిన సుమారు 10,000 పత్రాలు 2006లో సోథెబీస్‌కు చేరినప్పుడు, అట్లాంటా మేయర్ షర్లీ ఫ్రాంక్లిన్ పూనికతో నగర ప్రముఖులు 3 కోట్ల 20 లక్షల డాలర్లు సమకూర్చి వేలాన్ని ఆపించి, కింగ్ చదివిన మోర్‌హౌస్ కళాశాలకు చేర్చారు. రస్సెల్ అయితే ఈ చిక్కులేవీ వారసులకు మిగల్చలేదు. బతికుండగానే, 1968లో, తన ఉత్తరాల భాండాగారాన్ని కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి అమ్మి, ఆ సొమ్మును శాంతి కార్యక్రమాలకు మళ్లించారు. ఒక్కో ఉత్తరంగా అమ్మితే వచ్చేదానితో పోల్చకుండా చూస్తే, ఈ రంగంలో జరిగిన అమ్మకాల్లో ఇదే అన్నింటికన్నా తెలివైనది.

భారతదేశంలో 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ గల రాతప్రతులూ పత్రాలూ డెబ్భై అయిదేళ్లు నిండితే పురావస్తువుల లెక్కలోకి వస్తాయి. ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో తప్ప వాటిని దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు. 1948 జనవరిలో ముగిసిన గాంధీ రాతలన్నీ ఇప్పుడు ఆ వయసు దాటాయి. విదేశాల్లో ఉన్నవాటిమీద ఈ చట్టానికి పట్టు లేదు. మరణానికి మూడు వారాల లోపు గాంధీ ‘హరిజన్’ పత్రిక కోసం రాసిన రాతప్రతి ఆల్బిన్ ష్రామ్ అనే సేకర్త సంగ్రహంలో భాగంగా 2007లో లండన్ వేలానికి రాగా, దౌత్య ప్రయత్నాల వల్లనే అది జాబితా నుంచి తప్పుకుని భారత్ చేరింది.

తెలుగు నేల మీద స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్న కుటుంబాల ఇళ్లలో ఇటువంటి కార్డులు ఇంకా ఉండే అవకాశం లేకపోలేదు, వాటికి ముప్పు వేలంపాటదారుల నుంచి కన్నా ల్యామినేషన్ దుకాణాల నుంచే ఎక్కువ. వేడితో ప్లాస్టిక్ అతికిస్తే కాగితాన్ని తర్వాత విడదీయడం దాదాపు అసాధ్యం. సెల్లోటేపు జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై సిరాను మింగుతుంది, గుండుసూది తుప్పు పట్టి కాగితాన్ని తొలుస్తుంది, ఎండ తగిలే గోడ మీద చట్రంలో పెడితే సిరా వెలిసిపోతుంది. ఆమ్లం లేని కాగితపు కవరులో, మడతలు విప్పి, కవరూ పోస్టు ముద్రా విడిపోకుండా, చల్లని చీకటి అరలో ఉంచడం చాలు. దాంతోపాటు ఆ ఉత్తరం ఎవరికి, ఏ సందర్భంలో వచ్చింది, ఇంట్లోకి ఎవరి ద్వారా చేరింది అన్నది పెద్దలు ఉండగానే వేరే కాగితం మీద రాసిపెట్టాలి. సేకర్తలు అసలుతనానికి తొలి ఆధారంగా అడిగేది చేతులు మారిన ఈ చరిత్రనే.

అసలును వదులుకోవడం ఇష్టంలేని ఇళ్లకు 1956లో ప్రారంభమైన గాంధీ సమగ్ర రచనల పథకం ఒక మార్గం చూపింది. నూరు సంపుటాలుగా 1994 నాటికి పూర్తయిన ఆ గ్రంథమాల సంపాదకులు ఉత్తరాలు ఉన్నవారి దగ్గర ఫొటో నకళ్లు తీసుకుని, ప్రతి ఉత్తరం కింద అది ఎక్కడినుంచి వచ్చిందో పొట్టి గుర్తుతో ముద్రించారు: ఎస్.ఎన్. అని ఉంటే సబర్మతి సంగ్రహాలయంలోని వరస సంఖ్య, జి.ఎన్. అని ఉంటే గాంధీ స్మారక నిధి సేకరించిన నకలు, సి.డబ్ల్యూ. అని ఉంటే సంపాదక కార్యాలయమే తెప్పించుకున్నది, సౌజన్యం అని ఒక పేరు ఉంటే ఉత్తరం ఆ వ్యక్తి దగ్గర ఉన్నట్టు. ఇంట్లో దొరికిన ఉత్తరం తేదీని పట్టుకుని ఆ సంపుటం తెరిచి చూస్తే, అది ఇదివరకే లెక్కకెక్కినదో, ఎవరూ చూడనిదో నిమిషాల్లో తెలుస్తుంది.